శకుంతలక్క కూసుంటె ఆగే కారు

“తాతా, మీ పాత కారు ఊకె ఆగిపోతుండెనంట గద, ఎట్ల బాగయింది?” అంటున్నవా శ్రావణీ? కూసో బిడ్డా. పైన కిరాయి రూముల పొద్దంత గా పరీక్షల పుస్తకాలే చూస్తవు, జరసేపు ఈ ముసలోని మాట విను. ఏమేవ్, పిల్లకు చాయ్ పొయ్యి.

ఆ, కారు. ఇది కొన్ననాడు గుడి ముందట పూజ చేయించి, నిమ్మకాయలు తొక్కించి తెస్తే మన అశోక్‌నగర్ గల్లీ అంత బయటికొచ్చి చూసింది. అప్పుడు పెట్రోలు… వద్దులే, పెట్రోలు మాట తీస్తే కడుపు మండుతది.

మా శకుంతలక్క నీకెరికే గద. నాకు సొంత అక్క. బావ పోయినంక మాతోనే ఉంటది. ప్రతి శనివారం దద్దోజనం చేసి చిక్కడపల్లి గుడికి పట్టుకపోతది. నడిస్తే దగ్గరనే, కని ఆమె మోకాళ్లకు దూరం. అందుకని కార్ల తీస్కపోత.

పోయిన ఏడు కారు ఆగుడు షురువైంది. నడిరోడ్డు మీద, ఎనుక బస్సోడు హారన్ కొడుతుంటె, ఠక్కున బంద్. “అక్కా, జర దిగు, నూకుతం” అంటి. అక్క గిన్నె పట్టుకొని దిగింది. తాళం తిప్పితే లేచి కూసున్నది బండి, ఏం ఎరుగనట్టు. తర్వాత శనివారం మళ్ల గదే.

నారాయణగూడ మార్కెట్ ఎనుక యాదగిరి షెడ్డుకు తీస్కపోయిన. ఆయన గొప్పలు చెప్పుకునుడు జర ఎక్కువనే, కని పనిల మాత్రం దేవుడిచ్చిన చెయ్యి. వేరే షెడ్డోళ్లైతే బ్యాటరీ మార్చు, ఇంకోటి మార్చు అంటరు. ఈయన గట్ల కాదు. “అందాజ మీద సామాన్లు మార్చుడు నాతోని కాదు సార్. ఆగినప్పుడు తెండ్రి. నడిచే బండిల రోగం యాడ దేవులాడాలె?” అన్నడు. మరి నా బండి షెడ్డుల ఆగితే గద.

గిదే టైముల నా మనవరాలి నిశ్చితార్థం కుదిరింది, బర్కత్‌పురల, మా చిన్నాయన కొడుకు నర్సింగ్ ఇంట్ల జాగ ఎక్కువని ఆడనే పెట్టుకున్నం. వాడు ఫోన్ల ఏమన్నడో ఎరికేనా? “అన్నా, కార్ల ఏం రోగం లేదు. అక్క ఎక్కితె ఆగుతది, దిగితె నడుస్తది. మొగుడు లేని మనిషి… నీకు విడమర్చి చెప్పాల్నా? ఆనాడు పిల్లను కార్ల తీస్కరా, అక్కను ఆటోల పంపు.” ఫోను స్పీకర్ మీదుండె. అక్క ఆడనే కరివేపాకు దూస్తున్నది. ఆకు దూసుడు ఆపలే, తల ఎత్తలే.

ఆ శనివారం అక్క రాలే. గిన్నె మా ఇంటామె పట్టుకొని ముందట నా పక్కన కూసున్నది. కారు ఆగలే బిడ్డా. చూడు మరి, నర్సింగ్ మాటనే పక్కా అయినట్టాయె. ఇంటికొచ్చినంక అక్క “నిశ్చితార్థానికి మీరు పోండ్రి, నేను ఇంటికాడ దీపం పెట్టుకొని ఉంట” అన్నది. 

కని మా అక్క గట్ల మూలకు కూసునే మనిషి కాదు. రెండొద్దులైనంక “నన్ను షెడ్డుకు తోల్కపో” అన్నది. పోయి యాదగిరి ముందట నిలబడి, “బిడ్డా, నేను కూసుంటె ఆగుతదని అందరంటున్నరు. కని మొన్న దవాఖానకు పోయిననాడు గూడ నేనే కూసుంటి. ఆగలే. అదెందుకో చెప్పు” అన్నది.

చూసినవా? ఆగిన దినాలు మేమందరం యాదికి పెట్టుకున్నం. ఆగని దినం ఆమె ఒక్కతే పెట్టుకున్నది.

యాదగిరి చేతిల పానా కింద పెట్టిండు. “దవాఖానకు ఎట్ల కూసున్నరు, గుడికి ఎట్ల కూసుంటరు?” అన్నడు. ఇంత పెద్ద ప్రశ్న మాకెవ్వరికీ తోచలే. నైవేద్యం కాళ్లకాడ ఉండొద్దని అక్క గుడికి పోతే చెప్పులిడిచి, సీటు మీద మఠమేసుకొని, గిన్నె ఒళ్లె పెట్టుకుంటది. దవాఖానకైతే మామూలుగ కాళ్లు కింద పెట్టి కూసుంటది.

“గుడికి పోయినట్టే కూసోండ్రమ్మా” అన్నడు. “గిన్నె లేక ఎట్లరా?” అని అక్క చాయ్ కొట్టు నుంచి పాల గిన్నె తెప్పించి నీళ్లు నింపించింది. యాదగిరి ఇంజన్ చాలూ చేసి, ట్యాంకుల నుంచి ఇంజన్‌కు పెట్రోలు నూకే మోటరుకు పోయే కరెంటు తీగకు చిన్న బల్బు కట్టి నా చేతికిచ్చిండు. వెలుగుతున్నది. అక్క మఠమేసి, గిన్నె ఒళ్లె పెట్టుకొని, జర ముందటికి జరిగింది. బల్బు పోయింది. ఇంజన్ దగ్గి బంద్ అయింది.

“ఆగింది గద” అన్నది అక్క, సన్నగ. ఆ ముఖం నేను చూడలేకపోయిన.

యాదగిరి మాత్రం నవ్వుతుండు. “ఆగాల్నమ్మా. ఇప్పుడు మీరు దిగుండ్రి. సార్, మీరు కూసోండ్రి, గట్లనే.” అక్క దిగంగనే ఇంజన్ మళ్ల చాలూ చేసిండు, బల్బు వెలిగింది. ఈ పొట్టతోని, ఎనుక సీట్ల మఠం. రామచంద్రా. గిన్నె ఒళ్లె పెట్టుకున్ననో లేదో, బల్బు పోయింది.

అక్క నా దిక్కు చూసి, “నీకు గూడ మొగుడు లేడా ఏందిరా?” అన్నది. షెడ్డు షెడ్డంత నవ్వు.

సీటు లేపి చూపిచ్చిండు. సీటు అంచు కింద తీగ. పైన తొడుగు మంచిగనే ఉంది, లోపల రాగి తెగింది. కాళ్లు కింద పెడితే బరువు కాళ్ల మీద పోతది. మఠమేస్తే అంత అంచు మీదనే పడి తీగ వంగి, తెగిన రాగి కొసలు ఎడమైతయి, మోటరుకు కరెంటు బంద్. లేస్తే మళ్ల కలుస్తయి. గంతే. తీగ మార్చి, అక్కనే మళ్ల కూసోబెట్టి నారాయణగూడ చౌరస్తా దాక తిప్పి తెచ్చిండు.

నిశ్చితార్థం నాడు అక్క మనవరాలి పక్కన మఠమేసుకొని, లడ్డూల గిన్నె ఒళ్లె పెట్టుకొని కూసున్నది. సిగ్నల్ కాడ నేను ఆంజనేయస్వామిని తలుసుకుంటుంటె, “జపం తర్వాత, గేరు వెయ్యి” అన్నది. బర్కత్‌పురల నర్సింగ్ గేటు కాడనే ఉన్నడు. మా ఎనుక ఆటో కోసం చూస్తుండు. అక్క డోరు తీసి, గిన్నె వాని చేతికిచ్చి, “నర్సింగూ, మోకాళ్లు పట్టినయిరా, జర చెయ్యియ్యి” అన్నది. అందరి ముందట చెయ్యిచ్చి దించుకున్నడు.

చాయ్ సల్లారింది, తాగు. సల్లగుండు బిడ్డా. నీ మీద ఎవరన్న గట్లాంటి మాట ఏస్తే, మా అక్క లెక్క పోయి ఎదురుంగ అడిగే గుండె ఆ స్వామి నీకియ్యాలె. యాదగిరసొంటోడు గూడ దొరకాలె… ఆ, వస్తున్ననక్కా, గీ పిల్లతోనే మాట్లాడుతున్న…