కుర్చీ వెనక మనిషి

ఆసుపత్రి వరండాలో భర్త చక్రాల కుర్చీ తోస్తున్నాడు. ఏళ్ల తరబడి కీళ్లవాతంతో వంకర్లు పోయిన వేళ్లను ఒళ్లో పెట్టుకుని, మెడకు గట్టి పట్టీతో భార్య అందులో కూర్చుంది.

“నన్ను బయటికి పంపించి డాక్టరుగారు మీతో ఏం చెప్పారండీ?”

“ఏముంది? పట్టీ తియ్యకుండా జాగ్రత్తగా ఉండమన్నారు.”

“మరి ఆపరేషను?”

“అక్కర్లేదన్నారు.”

“అక్కర్లేదన్నారా, కుదరదన్నారా?”

“కుదరదన్నారు. వాతం మెడ పైపూసల్ని కూడా తినేసిందట. స్క్రూలు బిగిద్దామన్నా పట్టుకునేంత గట్టి ఎముక లేదట.”

“వేళ్లతోనే పోతుందనుకున్నానండీ. బట్టలు కుట్టడం మానేస్తే సరిపోతుందనుకున్నాను.”

“నేనూ అలాగే అనుకున్నాను.”

“కాళ్లు మొద్దుబారుతున్నాయి కదా, అదైనా తగ్గుతుందా?”

“తగ్గదట. పూస ఇంకాస్త జారి వెన్నుపామును నొక్కిందంటే, చేతులూ కాళ్లూ పడిపోతాయట. ఊపిరి కూడా...”

“సరే, ఇక చెప్పకండి. ఒక్కసారి నా ముందుకు రండి.”

“ఎందుకు? కుర్చీ తోస్తున్నాను కదా.”

“ఎక్కడ తోస్తున్నారు? కుర్చీ ఆగి చాలాసేపయింది.”

“కాసేపు నన్నిలా వెనకే ఉండనివ్వవే. నువ్వు తిరిగి చూడలేవు కదా.”