తునికాకు రంగు కోటు

పినపాక బస్టాండు ముందర, ముత్తక్క చాయ్ బండి కాడ, గోపాలు కోటు గుడ్డ ఒళ్లో పెట్టుకొని ఖమ్మం బస్సు కోసం కూర్చున్నాడు. పెండ్లి ఇంక పదిహేను రోజులే. ఆ గుడ్డ ఖమ్మం దర్జీ చేతిలో పడకుండా ఎట్లయినా ఆపాలని ఊరి దర్జీ పగిడయ్య వచ్చి పక్కనే చతికిలబడ్డాడు.

“నేరేడు పండు రంగు. మంచిగ తెచ్చినవ్ తమ్మీ. నీ చామనచాయకు నల్లది తొడిగితే కోటే కనబడుతది, మనిషి కనబడడు. గిదైతే మొకం వెలుగుతది. కానీ ఇసొంటి గుడ్డను ఖమ్మంల ఇస్తవా? వాళ్లు గోడ మీది బొమ్మను జూసి కోస్తరు. నేను మనిషిని జూసి కోస్త. ఎనభై రెండుల మన లచ్చయ్య పెండ్లి కోటు ఎవరు కుట్టిండ్రనుకున్నవ్?”

“నువ్వేనా, కాకా?”

“అవ్. తునికాకు రంగుది. లేతాకు గాదు, ముదురాకు గాదు, సరిగ్గ బీడీలకు కోతకొచ్చిన ఆకు. టేపు పెట్టలే. వాడు నడుస్తుంటే ఎనక నుంచి ఒక్కసారి చూసిన, అంతే. వాని ఎడమ భుజం వేలెడు కిందికుంటది. లోపల రెండు మడతలేసి సమం జేసిన. తొడుక్కొని ఇంటికి పోతే కన్నతల్లే పోల్చలే, ఎవరో ఆఫీసరు వచ్చిండని మంచం వాల్చింది! ఆ తర్వాత ఏమైందో ఎరుకేనా? గా కోటుతోని అడవిల పడి పెండ్లికూతురి ఊరికి పోతుండు. ఎదురుంగ పెద్దపులి! లచ్చయ్య కదల్లే. పులికి చెట్టేదో కోటేదో తెలువలే. దగ్గరకొచ్చి, వాని ఒంటికేసి గోర్లు గీరుకొని, నీడకు పండుకున్నది.”

“గుడ్డ చినగలేదా?”

“నా కుట్టు ఊడుతదా? పులి గోరే ఊడింది! అది పోయిందో లేదో, ఆకు కోసే ఆడోళ్లు నలభై మంది వచ్చిండ్రు. ‘నేను లచ్చయ్యనే’ అని మొత్తుకున్నా ఇనలే, పొద యాడన్న మాట్లాడుతదా అన్నరు. కోటు ఎడమ చెయ్యి తెంపి, ఆకుల నడుమ పెట్టి కట్ట కట్టి, కల్లంల ఎండబెట్టిండ్రు. మూడెండలకు ఆకులన్నీ ఎండినయ్. నా కోటు చెయ్యి పచ్చగనే ఉండె. నాలుగో దినం వాన పడితే చిగురేసింది!”

బస్సు హారన్ కొట్టింది. గోపాలు లేవలేదు. గుడ్డ తీసి పగిడయ్య చేతిలో పెట్టబోయాడు.

చాయ్ వడగడుతున్న ముత్తక్క తలెత్తింది. “పగిడన్నా, ఆ కట్ట కట్టింది నేనే.”

“చూసినవా తమ్మీ! సాక్ష్యం!”

“కానీ తెంపింది మేం గాదు. మేం పోయేసరికే చంకల కుట్టు ఊడి, చెయ్యి తునికి కొమ్మకు యేలాడుతుండె. పాపం లచ్చన్న ఒంటి చెయ్యి కోటుతోనే పందిట్ల కూసున్నడు.”

గోపాలు గుడ్డ చంకలో పెట్టుకొని కదులుతున్న బస్సెక్కాడు. పగిడయ్య కిటికీ పక్కన ఉరుకుతూనే ఉన్నాడు.

“తమ్మీ! ఊడింది ఒక్క చెయ్యే! రెండోది ఇప్పటికీ ఊడలే, పోయి చూసుకో!”