ముందే పెట్టిన టిక్కు

రిటైరైన పోలీస్ స్టేషన్ రైటరు మొక్కలకు నీళ్లు పోస్తున్నాడు. ఉరిశిక్ష పడ్డ పరదేశి తరఫు లాయరమ్మ గేటు తీసింది. ఈ వారంలో ఇది నాలుగోసారి. ఈసారి ఉత్తచేతులతో కదిలేది లేదనుకుంది.

“మళ్లీ వచ్చావా తల్లీ? ఎంబసీకి కబురు పెట్టుకోవచ్చని అతనికి చెప్పాం. అరెస్టు ఫారంలో ఆ గడిలో టిక్కు ఉంది.”

“మీరే చెప్పారా బాబాయ్?”

“ఎవరో ఒకరు చెప్పే ఉంటారు. పదకొండేళ్ల నాటి మాట.”

“ఏ భాషలో? అతనికి మన భాష ముక్క రాదు.”

“అయితే అతను తప్పు చేయలేదంటావా?”

“అది మళ్లీ విచారణలో తేలుతుంది. పరదేశిని పట్టుకుంటే ఎంబసీ మాట చెప్పి తీరతామని మన దేశం ఒప్పందం మీద సంతకం పెట్టింది. చెప్పి ఉంటే వాళ్ల ఎంబసీ మంచి లాయర్ని పెట్టేది. ఉరికి ఇంకా తొమ్మిది రోజులే ఉన్నాయి.”

“టిక్కు ఉందిగా!”

“ఇది చూడండి. పొద్దున మీ స్టేషన్ నుంచే తెచ్చాను.”

“ఇది ఖాళీ ఫారం కదా?”

“ఖాళీయే. పేరు లేదు, తేదీ లేదు. ఆ గడిలో టిక్కు మాత్రం ఉంది. కట్టంతా ఇలాగే ఉంది.”

చెంబు వంగి నీళ్లు అతని కాళ్ల మీద పడ్డాయి.

“పని తెమలాలని ఒక్క ఊపున కట్టంతా టిక్కులు పెట్టేసేవాణ్ణి. తర్వాత వచ్చినవాళ్లకి నేర్పిందీ నేనే.”

“కోర్టుకిచ్చేందుకు ఆ మాటే రాసుకొచ్చాను. మీ సంతకం కావాలి.”

“నలుగురూ నా మొహాన ఉమ్మేస్తారమ్మా.”

“ఉమ్మనివ్వండి. పక్కనే నేనుంటాను.”

అతను చెంబు కింద పెట్టాడు.

“ఆగు, కళ్లజోడు తెచ్చుకోనీ. ఈసారి చదివి పెడతాను.”