శంకుస్థాపన రాయి

చందాపుర దాటాక ఒక ఊరు. కాలువ గట్టున బట్టలుతుకుతున్న వెంకటలక్ష్మి దగ్గరికి ఆ ఊరి పంచాయతీ ప్రెసిడెంటు నోటుపుస్తకంతో వచ్చాడు.

“రేపు గ్రామసభమ్మా. వీధిదీపాలు, బోరు పనులు అయిపోయినాయి. మీ ధోబీఘాట్ పని నడుస్తా ఉండాదని చదువుతా.”

“మూడేండ్ల కింద శంకుస్థాపన రాయి నాటినారు. ఆపైన ఎవురూ రాలేదు సార్.”

“ఆ రాయన్నా ఉండాల కదా. యాడుండాది?”

“వానకు పడిపోయింటే పరుచుకున్నా. ఇదే, నేను ఉతికేది దీని మీదనే. ఎలక్ట్రానిక్ సిటీ పిల్లోళ్ల జీన్సు ప్యాంట్లకు ఇట్లాంటి రాయే కావాల.”

“దాని మీద నా పేరుండాలే?”

“మొదట్లో ఆ అక్షరాలకు తగులుకోని గుడ్డలు చినిగేవి. ఇప్పుడు అరిగి నున్నగయింది.”

ప్రెసిడెంటు పెన్ను మూత తీశాడు. “సరే, ఏం రాసుకోమంటావు?”

“మా కోడలు కూడా పనిలోకి దిగింది. ఇంగో రాయి కావాలని రాసుకోండి. పేరు లేకుండా.”