బజారు శిలువ మీది బిషప్పు ముఖం

అధ్యక్షురాలు మేయర్ ఆట్‌వే గారికీ, ముందు వరసలో అప్పుడే కునుకు తీస్తున్న పెద్దలకూ, కేకు కోసం వచ్చి నా ప్రసంగంలో ఇరుక్కుపోయిన మిత్రులకూ నమస్కారం.

ముప్పై ఎనిమిదేళ్ళు సంత నడుమ నిలబడ్డ మన రాతి బజారు శిలువకి రాతిపనివాడిగా చాకిరీ చేశాను. పావురాలు పాడుచెయ్యడం, నేను కడగడం. చివరికి రిటైరయింది నేనే, పావురాలు కాదు. (నవ్వులు)

ఇందాక మేయర్ గారు సెలవిచ్చారు, శిలువ మీదున్న ఆరొందల ఏళ్ళ బిషప్పు రాతి తలని సోమవారం ఊడదీసి లండన్ మ్యూజియానికి పంపుతారట. ఆ పెదవి విరుపులో పాతకాలపు భక్తి ఉట్టిపడుతోందని పండితులు రాశారట. అమ్మా, అది భక్తి కాదు. గుడ్లు బేరమాడితే వచ్చే చిరాకు.

పెద్ద గాలివాన వచ్చిన ఏడు అసలు తల కిందపడి ముక్కు పోయింది. వారంలో జాతర. అప్పటి కౌన్సిల్ పెద్దాయన నన్ను పక్కకి పిలిచి, "లమ్లీ, గోల కాకుండా ఏదో ఒక తల పెట్టెయ్యవయ్యా" అన్నాడు. బిషప్పులు నాకేం తెలుసు? ప్రతి గురువారం ఆ శిలువ కింద గుడ్ల బుట్టతో కూర్చునే మనిషి ముఖం ఒక్కటే నాకు చూడకుండా చెక్కడం వచ్చు. అదే చెక్కి, టోపీ పెట్టి, పాతరాయిలా కనబడాలని పెరుగు పూసి నాచు పట్టించాను. హెస్టర్ గారూ, కిటికీ వైపు చూడకండి, అది మీరే.

("ఓయ్ లమ్లీ, నా ముక్కు అంత లావా?")

ఇంకా లావే. నేనే కాస్త తగ్గించాను. (చాలాసేపు నవ్వులు)

మేయర్ గారూ, ఇదిగో అసలు తల. (సంచిలోంచి తీసి బల్ల మీద పెట్టి) ఇన్నేళ్ళూ మా వంటింటి తలుపుకి అడ్డం పెట్టుకున్నాను. దీన్ని పంపండి. పైనున్నదాన్ని మాత్రం ముట్టుకోకండి. గురువారం కాని రోజుల్లో నాకున్నది ఆ ముఖమే.

ఇంకొక్క మాట. శిలువ రాయి మీద చెయ్యేసి అన్న మాట వెనక్కి తీసుకోకూడదు, అవతలివాళ్ళ చెయ్యి కూడా పడితే బేరం ఖాయం. ఇది మన తాతల నాటి కట్టు. హెస్టర్, మీ ఆయన మంచివాడు, నాకు బీరు పోయించేవాడు, అందుకే నోరెత్తలేదు. ఆయన పోయి పన్నెండేళ్ళయినా ఎత్తలేదు, అది పిరికితనం. వారం వారం మీ దగ్గర డజను గుడ్లు కొన్నాను. నాకు గుడ్లు పడవు.

(బల్ల మీది రాతి తల మీద చెయ్యి పెట్టి)

ఇదీ ఆ శిలువ రాయే. ఇదిగో, చెయ్యేశాను. నన్ను పెళ్ళి చేసుకుంటారా?

("ముందు ఆ చెయ్యి కడుక్కున్నావా?")

కడుక్కున్నాను. మీ మోకాలి నొప్పి సంగతి తెలుసు, నింపాదిగా రండి. మీరొచ్చేదాకా చెయ్యి తియ్యను. కాబట్టి మిత్రులారా, నా వాటా కేకు ఎవరూ ముట్టుకోకండి. ఇన్నాళ్ళు నన్ను భరించినందుకు అందరికీ కృతజ్ఞతలు. దారివ్వండి, ఆవిడ లేచింది. సెలవు.