తప్పుల గడిలో సున్నా

రీగా నగరం. పసిపిల్లల మీద జరిగే అఘాయిత్యాల వీడియోలను ఇంటర్నెట్టులోంచి తీయించే చిన్న సంస్థ. సర్కారు గుర్తింపు కోసం పెట్టిన దరఖాస్తు ముందు ఇద్దరు: సంస్థ నడిపే దగ్నియా, ఆమె దగ్గర పనిచేసే విజ్మా.

“తప్పుడు ఫిర్యాదులెన్ని అన్న గడిలో సున్నా అని రాయి.”

“ఎలా రాయను దగ్నియా గారూ? ఒకటుందిగా.”

“మనం చెప్పాక కంపెనీ వాళ్ళు తీసేశారా లేదా? తీసేస్తే అది సరైన ఫిర్యాదే. మొదట్నుంచీ అలాగే లెక్కపెడుతున్నాం.”

“తీసేశారు. అదేగా నా ఏడుపు.”

“మళ్ళీ మొదలెట్టకు విజ్మా. ఈ గుర్తింపొస్తే కంపెనీలు ముందు మన ఫిర్యాదే చూడాలి. ఇప్పుడో? మూడు వారాలు పడుతోంది. లియెపాయ ఊరి పిల్లని మర్చిపోయావా? దాని వీడియో పధ్నాలుగుసార్లు తీయించాం, పధ్నాలుగుసార్లూ మళ్ళీ పెట్టారు. అది బడికెళ్ళడమే మానేసింది.”

“మర్చిపోతే బాగుండును.”

“మరి? ఒక్క తప్పు చూపించి దాని నోట్లో మట్టి కొడతావా?”

“ఆ ఒక్క వీడియోలో పిల్లాడి తల్లి, సర్మీతె గారు, నిన్న మళ్ళీ ఫోన్ చేశారు.”

“ఎత్తొద్దన్నానా?”

“ఎత్తాను. తిట్టరు, అరవరు, అదే భరించలేను. గడ్డకట్టిన చెరువు మీద మంచు విరిగి పిల్లాడు మునిగి పోయాక ఫోటోలు మిగిలాయట. గొంతు మాత్రం ఆ ఒక్క వీడియోలోనే ఉందట. దాన్నే తన పేజీలో పెట్టుకున్నారు, వేరే కాపీ లేదట. మనం తీయించాం.”

“చూడు, చీకటి గది. ఒంటిమీద బట్టల్లేని పిల్లాడు. ఒక మగాడి చెయ్యి రెమ్మలతో వీపుమీద కొడుతోంది. ఎవరైనా ఏమనుకుంటారు?”

“ఎవరైనా అనుకోవచ్చు, మనం అనుకోకూడదు. శనివారం వస్తే ఆవిరిస్నానం గదిలో, ఒళ్ళు తేలికపడాలని, మా తాత నన్నూ బర్చ్ చెట్టు ఆకురెమ్మలతో బాదినవాడే. మీ తాత బాదలేదూ?”

“బాదాడులే.”

“మనకి తెలియకపోతే ఇంకెవరికి తెలుస్తుంది?”

“శబ్దం తీసేసి చూశావు, అంతే. అందరం అలాగే చూస్తాం. ఆ ఏడుపులు వింటూ కూర్చుంటే ఈ పనిలో ఆర్నెల్లు ఉండలేం. ఆ నియమం పెట్టింది నేను. నీ తప్పేం లేదు.”

“శబ్దముంటే తెలిసేది. తాత ఒకటి, రెండు అని లెక్కపెడుతుంటాడు. ఏడు అనగానే వీడు పకపకా నవ్వి, ఇంకోటి తాతా, ఇంకోటి, అంటాడు. ఇప్పుడు వాడు నాకు బస్సులో వినిపిస్తాడు. రొట్టె కోస్తుంటే వినిపిస్తాడు. వెనక్కి తిరిగి చూస్తాను కూడా. నాకు భయంగా ఉంది.”

“ఆగాగు. శబ్దం ఎప్పుడు విన్నావు? తీసేసి ఏడు నెలలైంది.”

“విన్నాను.”

“మన దగ్గరున్న కాపీలు నెలాఖరుకల్లా చెరిపేయాలి కదా.”

“చెరిపేశానని రాశాను.”

“ఓరి దేవుడా. ఉందా?”

“ఉంది. ఆవిడ మొదటి ఉత్తరం వచ్చిన రోజే పక్కన పెట్టాను.”

“నీకు మతిపోయిందా? బయటపడితే గుర్తింపు సంగతి దేవుడెరుగు, పోలీసులొస్తారు.”

“సరైన ఫిర్యాదుల్లో ఉంచితే ఆ వీడియో నేరమే, నేను దాచిన నేరం. తప్పుల్లో రాస్తే అది ఒక పిల్లాడి స్నానం. వాళ్ళమ్మకి ఇచ్చేయొచ్చు. ఒకటి అని రాయనివ్వండి, మీకు దణ్ణం పెడతాను.”

“ఒకటి రాస్తే ఒకటితో ఆగదు తల్లీ. ఎవరు చూశారు, ఎలా చూశారు అని గుచ్చి గుచ్చి అడుగుతారు.”

“అడగనీండి. నేను చూశాను, పొరబడ్డాను. ఒక్కళ్ళం చూసి ఏదీ పంపం కదా. నా తర్వాత మీరూ చూశారు, మీరూ పొరబడ్డారు. ఇద్దరు మనుషులు పొరబడితే ఉరి తీస్తారా?”

“ఇంకేదైనా మాట్లాడు.”

“ఎందుకు? దరఖాస్తులో మనం గొప్పగా రాసుకున్నదే అది. ప్రతిదీ ఇద్దరం చూసి, ఇద్దరం సంతకం పెట్టాకే పంపుతామని.”

“తలుపెయ్యి.”

“దగ్నియా గారూ?”

“తలుపేసి, ఆ వీడియో పెట్టు. శబ్దంతోనే పెట్టు.”

“మీరు చూసిందేగా.”

“సంతకం మాత్రమే పెట్టాను విజ్మా. ఇదొక్కటే కాదు. రెండేళ్ళుగా నేనేదీ చూడట్లేదు.”