ఇంటర్వెల్ పైపు

"పెద్ద పని చేసినానని చెప్పుకోను గానీ, రామలింగయ్య శెట్టి కాంప్లెక్స్‌లో నీళ్ళ లెక్కంతా మా కోడలూ నేనూ కలిసి వేసిందే" అన్నాడు బయ్యన్న, టీ గ్లాసు మోకాలి మీద పెట్టుకుని.

ఉరవకొండలో సాయంత్రమైతే చౌడప్ప టీ అంగడి కాడ బెంచీలు నిండేది ఆయన కోసమే. బయ్యన్నది శెనక్కాయ సేద్యం. ఒకసారి సర్పంచికి నిలబడి ఓడినాడు గానీ మాటల్లో ఓడించినోడు లేడు. గుంతకల్లు రోడ్డులో శెట్టి కట్టించిన కాంప్లెక్స్ మేమందరం చూసిందే, కింద అంగళ్ళు, పైన సినిమా హాలు. బయ్యన్న కొడుకు కిరణ్ పెండ్లాం ప్రసూన ఇంజనీరనీ, ఆ పైపుల ప్లాను ఆమెదేననీ మాకు తెలుసు. అందులో ఈయన పనేందో తెలీదు.

"నువ్వేం చేసినావన్నా?" అని చౌడప్ప అడిగేసినాడు.

"టేపు ఆ కొస పట్టుకున్నా. నవ్వుతారేమప్పా, కొస పట్టేవాడు లేకుంటే కొలత యాడినుంచి వస్తాది? అట్ల పట్టుకునుంటే కోడలు చెప్పింది, మామా, ప్రతి కొళాయికీ ఒక బరువుంటాది, దాన్ని ఫిక్చర్ యూనిట్ అంటారు, చెయ్యి కడుక్కునే బేసిన్‌ది చిన్న బరువు, లెట్రిన్ ఫ్లష్‌ది పెద్ద బరువు, బిల్డింగులో ఉండేవన్నీ కూడితే పైపు ఎంత లావుండాల్నో తేలుతాది అని. అంగళ్ళల్లో అయితే ఒకడు తిప్పేటప్పటికి ఇంకొకడు కట్టేసుంటాడు, అందుకని పైపు సన్నంగా ఉన్నా సరిపోతాదంట. నేను ఊరుకుంటానా? అమ్మా, పైన సినిమా హాలు గదా, మా ఊరోళ్ళు పాట పోతాదని బిగబట్టుకుని కూర్చుంటారు, ఇంటర్వెల్ గంట కొడితే ఊరు ఊరంతా ఒకేసారి లేస్తాది, దానికేం బరువేస్తావు అన్నా. అంతే! చేతిలో పెన్ను కింద పెట్టేసింది. 'మామా, మీరు ఇంజనీరు కావాల్సినోళ్ళు' అన్నింది."

"నిజంగా అన్నిందా?"

"నోటితో అనలేదు. కండ్లతో అన్నింది."

బెంచీ బెంచీ నవ్వింది. బయ్యన్న నవ్వలేదు.

"ఆ తర్వాత ఏమైందో తెలుసా? ప్లాను చూసి శెట్టి అదిరిపడినాడు. 'ఏమమ్మా, నీళ్ళే లేని ఊరికి ఇంత లావు పైపా? మా మేస్త్రీ ఇందులో సగం చాలంటాండాడే' అన్నాడు. మా కోడలు గొంతు కూడా పెంచలేదప్పా. 'శెట్టిగారూ, పైపు లావైతే ఎక్కువ నీళ్ళు తాగదు. అందరూ ఒకేసారి అడిగినప్పుడు అందరికీ అందిస్తాది, అంతే' అన్నింది. శెట్టి ప్లాను చుట్టి పక్కన పెట్టినాడు. 'సరే, నీ మాట మీదే కట్టిస్తా. మొదటాట ఇంటర్వెల్లో ఒక్క కొళాయి ఎండినా, ఈ చుట్టుపక్కల ఇంక నీకు పని చెప్పేవాడుండడు' అన్నాడు. సొంతూర్లో ఆ పిల్లకు అదే మొదటి పని."

ఆ మాట దగ్గర బయ్యన్న గొంతు కొంచెం దిగింది. టీ ఒక గుక్క తాగేసరికి మళ్ళీ లేచింది.

"ఇంక లెక్క మొదలుపెట్టినాం. కొళాయి మీద కొళాయి, బరువు మీద బరువు! కూడి కూడి కంప్యూటర్ కాగిపోయింది. మా ఇంటామె నారాయణమ్మ దాని మీద రొట్టె కాల్చింది, కావాలంటే పోయి అడగండి. లెక్క తేలినాక పైపు వచ్చింది బళ్ళారి నుంచి. ఎట్లొచ్చింది? లారీ ముందర చక్రాలు మన క్లాక్ టవర్ కాడ ఉంటే పైపు తోక ఇంకా బళ్ళారిలోనే ఉండాది! ఎండకు తాళలేక ఒక గొర్రెల మంద ఆ కొసలో దూరింది. ఈ కొసలో బయటికొచ్చేటప్పటికి ప్రతి గొర్రె వెనకాల ఒక పిల్ల. లోపలే ఈనినాయి!"

"గొర్రెల కాపరి ఏమైనాడన్నా?"

"వానికి లోపలే పెండ్లి కుదిరింది, ఆ కత వేరే. చౌడప్పా, నా టీ చల్లారింది, కొంచెం వేడిది పోయ్. ఆ... మొదటాట రోజుకు రండి. హాలు కిక్కిరిసింది. నేను ముందు వరసలో కూర్చున్నా, కోడలు పక్కనే. గంట కొట్టినారు. జనం లేచినారు. వందలమంది ఒకే రెప్పపాటులో కొళాయిలు తిప్పి, ఫ్లష్‌లు నొక్కినారు. ఆ తర్వాత ఏమైందో తెలుసా?"

చౌడప్ప టీ జల్లెడ చేతిలో పట్టుకుని అట్లే నిలబడిపోయినాడు.

"నీళ్ళు దిగినాయప్పా! ఏం చప్పుడు, ఏం చప్పుడు! గుంతకల్లు స్టేషన్లో ఏదో బండి వస్తాందని మైకులో చెప్పేసినారు, పాపం జనం మూటలెత్తుకుని ప్లాట్‌ఫారం మీదికి ఉరికినారు. వజ్రకరూరు వాళ్ళు ఉరుమనుకున్నారు. వానొస్తే గదా ఆడ చేన్లల్లో వజ్రాలు బయటపడేది! పిల్లాజెల్లా చేన్లకు బయల్దేరినారు. ఏండ్ల తరబడి మట్టిలో నోరు మూసుకుని పడుండే కప్పలు, మా పొద్దొచ్చిందని ఒకటే అరుపు. వాటి అరుపు విని రైతులు విత్తనకాయలు దించి, విత్తేదానికి ఎద్దులకు గొర్రు కట్టేసినారు."

"నేను కట్టలేదే" అన్నాడు మాలో ఒక రైతు.

"నువ్వు చెవిటోనివి, నీకు వినపడలేదు. ఇంకా వినండి. చెయ్యి కడిగినోని చేతిగీతలు అరిగిపోయినాయి. ముఖం కడిగిన ముసలాయన పెండ్లికొడుకు మాదిరి బయటికొస్తే పెండ్లామే గుర్తుపట్టలేదు. ఇంటర్వెల్ అయిపోయింది, అందరూ సీట్లలోకి వచ్చినారు, మల్ల సినిమా మొదలైంది. చూస్తే ఏముండాది? ఆ కొళాయిల తుంపర గోడలు దాటి తెర మీద పడింది! హీరో తడిసి ముద్దయినాడు. మొదటి సగంలో బాగుండినోడు, రెండో సగమంతా తుమ్ముతానే ఫైటింగ్ చేసినాడప్పా! విలనే జాలిపడి తువ్వాలిచ్చినాడు!"

చౌడప్ప జల్లెడ కింద పడేసి కడుపు పట్టుకున్నాడు. అట్లాంటి కోడలు ఎవరికుంటాది, అట్లాంటి మామ ఎవరికుంటాడు అనిపించింది మాకు. ఆ నవ్వులు సద్దుమణిగినాక మూల నుంచి శ్రీరంగప్ప గొంతు సవరించుకున్నాడు. శెట్టి హాలు గేటు కాడ టికెట్లు చింపేది ఆయనే. ఎక్కువ మాట్లాడే మనిషి కాదు.

"బయ్యన్నా, నువ్వు ఆ పొద్దు సినిమా చూడలేదు గదా" అన్నాడు.

"ఎవరు చెప్పినారు?"

"నీ టికెట్ నేనే చింపినా. చింపినాక నువ్వు లోపలికి పోలేదు, మెట్లు దిగి బిల్డింగు వెనక్కి పోయినావు. ఇంటర్వెల్ గంట కొట్టి గేటు తీసి, బీడీ కాల్చుకుందామని నేనూ వెనక్కొచ్చినా. పై ట్యాంకు నుంచి లావు పైపు దిగుతాది చూడు, దాన్ని రెండు చేతుల్తో పట్టుకుని, చెవి ఆనించి, కండ్లు మూసుకుని నిలబడుకోనుండావు. ఏమైందన్నా అంటే 'మాట్లాడొద్దు' అని కసిరినావు."

బయ్యన్న గ్లాసులోకి చూస్తాండాడు.

"మేడ మీద ఏం జరిగిందన్నా మరి?" అని చౌడప్పే అడిగినాడు, శ్రీరంగప్పను.

"ఏం జరగలేదు. నేను పైకి పోయి చూసినా. జనం పోయినారు, వచ్చినారు. ప్రతి కొళాయిలో నీళ్ళొచ్చినాయి. అందరూ అయినాక శెట్టి పోయి అన్నిటికంటే కొసన ఉండే బేసిన్ కొళాయి తిప్పి, ముఖం కడుక్కుని, పంచెతో తుడుచుకుని, తలూపి సినిమాకు పోయినాడు. ప్రసూనమ్మ సీట్లోంచి లేవను కూడా లేవలేదు, పాప్‌కార్న్ తింటాండాది. చప్పుడు అంటావేమన్నా నువ్వు? కింద అంగళ్ళల్లో వాళ్ళకు ఇంటర్వెల్ అయిన సంగతే తెలీదు. చప్పుడే రాలేదు."

బయ్యన్న మిగిలిన టీ నిదానంగా తాగి, గ్లాసు బల్ల మీద పెట్టినాడు.

"రాలేదు" అన్నాడు. "చెవి ఆనించి విన్నా గదా, నాకు తెలీదా? పైపులో నీళ్ళు పోతాండేది చేతికి చల్లగా తగిలింది గానీ, చప్పుడు మాత్రం రాలేదు."

లేచి భుజం మీది తువ్వాలు దులుపుకున్నాడు. మళ్ళీ మా పక్కకు తిరిగి, "సరే, ఒక మాట చెప్పండప్పా. మా కోడలు పైపులు ఏయించింది, నీళ్ళొచ్చినాయి, చప్పుడు రాలేదు అని నేను మొదట్లోనే చెప్పుంటే, మీలో ఒక్కడన్నా టీ అయిపోయినాక ఈడ కూర్చునుందురా?" అన్నాడు.